రెండు పుంజీలు

మొన్న మనవరాలిని చేర్పించడానికి గుంటూరులో ఓ కొత్త బడికి వెళ్ళాం, మా కోడలూ నేనూ, ఏదో పని మీద అద్దంకి నుంచి వచ్చి మాతోపాటు బయల్దేరిన మా తమ్ముడూ. అక్కడొక గదిలో బల్లల్లేవు, బెంచీల్లేవు. పిల్లలు చాపల మీద ఇష్టమొచ్చినట్టు కూర్చుని, ఒకడు చిక్కుడు గింజలు ఏరుతుంటే, ఇంకో పిల్ల గిన్నెలోంచి గిన్నెలోకి నీళ్ళు పోసుకుంటోంది. ఇక్కడ మేమేమీ రుద్దమండీ, వాళ్ళకు వాళ్ళే నేర్చుకుంటారు అని టీచరమ్మ మురిసిపోతూ చెబుతుంటే మా కోడలు నోరు తెరుచుకుని వింది గానీ, నాకు మాత్రం ఒళ్ళు మండిపోయింది.

ఎందుకు మండదు చెప్పండి? మా ఊళ్ళో మిరపకాయలు ఎండబోసే కళ్ళం పక్కన, చొప్ప పాకలో, మా పెద్దమ్మ చేసింది ఇదేగా! అమ్మలందరూ కాయలకి తొడిమలు తీస్తూ తుమ్ముతూ కూర్చుంటే, వాళ్ళ పిల్లలు ఆవిడ దగ్గరుండేవాళ్ళు. ఆవిడేదో గొప్ప ఉద్దేశంతో చేసిందనీ అనను. మోకాళ్ళ నొప్పులతో వాళ్ళ వెనక పరిగెత్తలేక, ఏం చేసుకుంటారో చేసుకోండర్రా అని వదిలేసింది, అంతే.

తమ్ముడికి ఆ పాకలో చింతపిక్కలే లోకం. ఆటలో పుంజీ అంటే నాలుగు కదా, అది పట్టుకుని వాడు పిక్కలన్నీ నాలుగేసి కుప్పలు పెట్టి, ఎన్ని పుంజీలయ్యాయో, పైన ఎన్ని మిగిలాయో టక్కున చెప్పేసేవాడు. బడికి పోతున్న నేను వేళ్ళు మడుస్తుండగానే చెప్పేసి ఇకిలిస్తుంటే నాకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చేది.

నాన్నకి ఆ పాకంటే చులకన. చేతులు కట్టుకుని కూర్చుంటేనే చదువని ఆయన నమ్మకం, అందుకే వాణ్ణి రెక్క పట్టుకుని తీసుకుపోయి బళ్ళో వేశారు. అన్ని తరగతులకీ ఒకటే గది కాబట్టి ఆ తరవాత జరిగిందంతా నా కళ్ళారా చూశాను. ఓ రోజు మాస్టారు బల్ల మీద ఎనిమిది సుద్దముక్కలు పెట్టి ఎన్నిరా అనడిగితే, వీడు తడుముకోకుండా, "రెండు పుంజీలండి!" అన్నాడు.

గదంతా గొల్లుమంది. నన్నే వెక్కిరిస్తావురా మొద్దు వెధవా అంటూ మాస్టారు బెత్తం విరిగేదాకా కొట్టి మోకాళ్ళ మీద నిలబెడితే, వాడి నిక్కరు తడిసిపోయింది. వాడు చెప్పింది తప్పేమిటి? అప్పుడు ఎవరూ అడగలేదు. ఆ రోజు నుంచి బళ్ళో వాడు నోరు విప్పితే ఒట్టు. తిరిగి పెద్దమ్మ దగ్గరికే పంపుదామని అమ్మ ఏడ్చినా నాన్న వినలేదు, మొద్దుకి దెబ్బలే మందన్నారు. మూడో తరగతిలో బడి మానేసి గొడ్ల వెంట పోయినవాడు, ఆనాటి నుంచీ మళ్ళీ పలక ముట్టలేదు.

మొన్న ఆ బడి మెట్లు దిగుతూ, ఆగలేక వాడితో అనేశాను, నిన్ను కూడా ఇలా వదిలేసుంటే ఎంతవాడివయ్యేవాడివిరా అని. వాడు నవ్వేశాడు.

"ఊరుకో అక్కా, నేను మొద్దునేగా! నాకు సదువెక్కడ అబ్బుద్ది?"

బెత్తాలు పోయాయి, ఒకప్పటి అల్లరి ఇప్పుడు చదువయింది, మంచిదే. మొద్దన్న మాస్టారూ లేరు, ఔనన్న నాన్నా లేరు. తల పూర్తిగా నెరిసిపోయిన మా తమ్ముడు మాత్రం ఆ మాటని ఇప్పటికీ నమ్ముతున్నాడు.