పగుళ్లలో నిలిచిన పసుపు

“హైవే మీద ఈ టైరు పేలితే, వెనక సీట్లో ఉన్న నా పిల్లాడి గతేమిటి బాబాయ్?”

గంగులు తల ఎత్తలేదు. గొంతుక్కూర్చుని ముందు చక్రాన్ని అరచేత్తో నిమురుతూనే ఉన్నాడు.

“పేల్తాదని ఎవులు సెప్పినారు, పాపా?”

“ఎవరూ చెప్పలేదు. నాకే భయం.”

విశాలి నెల్లిమర్లలో కాలేజీ పిల్లలకు కెమిస్ట్రీ చెబుతుంది. భర్త అనంతకృష్ణ ఓడ మీద ఉద్యోగి, ఆరేసి నెలలు ఇంటికి రాడు. పది నెలల పృథ్వీని ఎత్తుకుని శనివారాలు శ్రీకాకుళంలో ఉన్న తల్లి దగ్గరికి బస్సులో వెళ్లి వచ్చేది. ఈ మధ్యే మామగారు తన కారు ఇచ్చారు. ఇవాళే మొదటి ప్రయాణం. గాలి చూపించుకుందామని మిల్లు రోడ్డులో ఉన్న ఈ పంక్చరు కొట్టు దగ్గర ఆగింది.

“టైర్లు కొత్తవే బాబాయ్. మా మామగారు అయిదు వేల కిలోమీటర్లు కూడా తిప్పలేదు. గాడి లోతు స్కేలు పెట్టి కొలిచాను, ఏడు మిల్లీమీటర్లుంది.”

“కొలిసినావా!” గంగులు నవ్వాడు. “ఇన్నేళ్లలో స్కేలెట్టి కొలిసినోల్ని నిన్నే సూసినాను.”

మామగారికి కారంటే భక్తి. ఏటా దసరాకి కడిగి, చక్రాలకు పసుపు పూసి, బొట్లు పెట్టి, నిమ్మకాయలు తొక్కించి, విజయనగరంలో పైడితల్లి గుడి దాకా వెళ్లి వచ్చేవారు. ఇంటికొచ్చాక టైర్లకు నల్ల పాలిష్ పట్టించి షెడ్డులో పెడితే, మళ్లీ దసరాకే బయటికి తీయడం.

గంగులు సబ్బునీళ్లలో గుడ్డ ముంచి టైరు పక్కభాగం గట్టిగా రుద్దాడు. నల్లటి మెరుపు కరిగి కారిపోయింది. దాని అడుగున వెంట్రుకల్లాంటి సన్నటి పసుపు గీతలు తేలాయి. చక్రం చుట్టూ ఉన్నాయి.

విశాలి వంగి ఒక గీత మీద గోరు పెట్టి చూసింది. కంటికి ఆనని పగుళ్లు కనిపెట్టడానికి లోహం మీద రంగు పోసి తుడిచేస్తారు. పగులున్న చోట రంగు మిగిలిపోతుంది. మామగారు ఏటా చేసింది అదే పరీక్ష, ఆయనకే తెలియకుండా.

“ఇదిగో, ఈ నాలుగంకెలు సూడు. ముందు రెండూ టైరు సేసిన వారం, ఎనక రెండూ ఏడాది.”

2314. పదకొండేళ్లు.

“అరగనేదు పాపా. ముసిలైపోనాది.”

“నెమ్మదిగా వెళ్తే? అమ్మ ఎదురుచూస్తుంటుంది.”

“ఎల్లొద్దు.”

ఎదురుగా టీ కొట్టు ధనరాజు కేకేశాడు. “మావా! గాలి కొట్టి పంపీరాదా, నీకేటి పోతాది? ఈడు అందర్నీ ఇలాగే బెదిరిస్తాడమ్మా. అందుకే ఈడి కొట్టు మీద ఈగ కూడా వాలదు.”

“నీ టీ మాడిపోతన్నాది, సూసుకోరా!”

విశాలి కారు తాళాలు గంగులు చేతికిచ్చింది. చక్రాలు విప్పుతూ, ఆమె అడగకపోయినా గంగులు చెప్పుకొచ్చాడు. ఇరవయ్యేళ్ల వయసులో రాయపూర్ వెళ్లే లారీలో క్లీనరు. ఒకరోజు సాలూరులో బండి కడుగుతూ ముందు టైరుకు పగులు చూశాడు. డ్రైవరు జగన్నాధం కోపిష్టి. క్లీనరు నోరెత్తితే చెంప పగిలేది. చెప్పలేదు. ఘాటీ దిగుతుంటే టైరు పేలింది.

“ఆయన పోనాడు. నానున్నాను.”

తర్వాత లారీ ఎక్కలేదు. ఒకప్పుడు మిల్లులో షిఫ్టు విడిచే వేళకి ఈ కొట్టు ముందు సైకిళ్లు బారులు తీరేవి. భార్య బుల్లమ్మ ట్యూబుని తొట్టి నీళ్లలో ముంచుతూ, బుడగలు ఎక్కడ లేస్తున్నాయో చెప్పేది. ఆమె పోయి నాలుగేళ్లు. ఇప్పుడు ముంచేదీ చూసేదీ అతనొక్కడే. వచ్చినవాళ్లు ఫోను చూసుకుంటూ పావుగంట నిలబడి వెళ్లిపోతారు. పని బాగా చేస్తే మళ్లీ రారు. ఉన్నమాట చెబితే అసలే రారు.

ఆ రోజు విశాలి కారుని రాళ్ల మీద వదిలేసి, పిల్లాణ్ణి చంకనేసుకుని బస్సెక్కింది. సోమవారం గంగులు చక్రాలు ఆటోలో వేయించుకుని ఆమెతో విజయనగరం వచ్చాడు. దుకాణంలో కొత్త టైర్ల మీద అంకెలు చదివి, రెండేళ్ల కిందటివి రెండు వెనక్కి తోశాడు. సాయంత్రానికి చక్రాలు బిగించి, చేతులు తుడుచుకున్నాడు.

“ఇంక నాతో పని నేదు నీకు.”

ఆ మాట మామూలుగానే అన్నాడు. విశాలికి మాత్రం కారెక్కబుద్ధి కాలేదు.

“ఇక మీదట నేనేం చూసుకోవాలి బాబాయ్?”

గంగులు ఆమె వంక వింతగా చూశాడు. స్టూలు దులిపి ఆమెకు వేశాడు. చీకటి పడేదాకా చెబుతూనే ఉన్నాడు.

ఇప్పుడు ప్రతి నెలా మొదటి ఆదివారం, ఎండెక్కకముందే, విశాలి పృథ్వీని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో చక్రాన్నీ అరచేత్తో తడుముతుంది. డిక్కీ తెరిచి అయిదోదానికీ గాలి కొలుస్తుంది. గంగులు చెప్పింది అదే: “బండి తియ్యకముందు, సల్లగా ఉన్నప్పుడే గాలి సూడు. ఏడెక్కినాక సూస్తే తక్కువున్నా సరిపడా ఉన్నట్టే సూపిస్తాది. డిక్కీలోదాన్ని మరిసిపోకు. పని నేదు కదాని దాన్నెవులూ సూడరు, పాపా.”