గట్టు మీద ఫ్యాను మోత

మా అక్క వాళ్ల ఊరు కొల్లేటి చేపల చెరువుల మధ్య ఉంటుంది. తారు రోడ్డు ఎక్కాలంటే తొమ్మిది కిలోమీటర్లు చెరువు గట్టు మీదే వెళ్లాలి. అక్కడ ఏ బండీ సైకిలు కంటే జోరుగా పోదు. రెండువేల ఏడు, ఎనిమిది ప్రాంతంలో వారానికి రెండుసార్లు ఆ గట్టు మీదుగా మా బావగారిని ఏలూరు ఆసుపత్రికి డయాలసిస్‌కి తీసుకెళ్లేవాణ్ణి. అంతకు ముందు తాడేపల్లిగూడెంలో ఒక రైసు మిల్లు కాటా దగ్గర పనిచేశాను. నా చదువు పదో తరగతి దాటలేదు గాని లెక్కలు సొంతంగా నేర్చుకున్నాను. బావగారి కిడ్నీలు పోయాక బండి నడిపే మనిషి లేక, ఆ పని మానేసి అక్క దగ్గరకు వచ్చేశాను.

బండి బావగారిదే. పాత డీజిల్ వ్యాను. గూడెం మిల్లుల్లో తవుడు ఎత్తి, చేపల మేతకి చెరువుల వాళ్లకు చేరవేసేవారు. జబ్బు చేశాక బస్తాలు ఉండే చోట పరుపు వేశాం.

ఆ వేసవిలో వ్యాను గట్టు మీద మరిగిపోవడం మొదలైంది. సగం దారిలోనే ఇంజను వేడి చూపే సూది ఎర్రగీత ఎక్కేది. ఆపి, బానెట్ ఎత్తి, చల్లారేదాకా కూర్చుని, రేడియేటర్లో నీళ్లు పోసేవాణ్ణి. బావగారు పరుపు మీంచి తల ఎత్తి చూసేవారు. ఆయనకు రోజుకి మూడు గ్లాసుల నీళ్లే. అక్క కొలిచి ఇచ్చేది.

"దానికేమో బిందెడు పోస్తావు. నాకు గ్లాసు లెక్క. ఏరా, నేనెక్కువా ఈ డొక్కు బండెక్కువా నీకు?"

"మీరూ అలా ఆవిరి కక్కండి బావగారూ, మీకూ పోస్తాను."

ఆయన నవ్వేవారు. నవ్వితే ఆయాసం వచ్చేది.

రేడియేటరు రెక్కల్లో తవుడు దుమ్ము పేరుకుందని ఊళ్లో అందరూ అన్నారు. తవుడు తోలే బండ్లన్నిటికీ ఉండే జబ్బే కాబట్టి నేనూ నమ్మాను. చెరువు మోటారు పైపు పెట్టి కడిగించాను. గొట్టాలు మార్పించాను. ఏమీ తగ్గలేదు. ఒకరోజు గట్టు మీదే రెండుసార్లు ఆగాల్సి వచ్చింది. మేం చేరేసరికి బావగారి మిషను ఇంకొకరికి ఇచ్చేశారు, మర్నాడు రమ్మన్నారు. ఆ రాత్రంతా ఆయన గోడకు ఆనుకుని కూర్చునే ఉన్నారు. పడుకుంటే ఊపిరి అందదు. ఇంకోసారి ఇలా తప్పితే మనిషి దక్కడని మర్నాడు డాక్టరు మొహం మీదే చెప్పాడు.

ఆయన్ని ఇంట్లో దింపి, తెల్లారి ఖాళీ బండితో గూడెం బయలుదేరాను. గట్టు మీద ఎప్పటిలాగే ఆగింది. హైవే ఎక్కాక మాత్రం సూది సగం దాటలేదు. ఇన్నాళ్లూ ఎండ అనుకున్నాను, బరువు అనుకున్నాను. ఎండ అదే, బరువు అసలు లేదు. మారింది వేగం ఒక్కటే. జోరు మీద ఎదురుగాలి దానంతట అదే రేడియేటరుకి తగులుతుంది. నెమ్మదిగా పోయేటప్పుడు ఫ్యానే లాగాలి. అంటే ఫ్యాను లాగడం లేదు.

బావగారికి పాత పరిచయం ఉన్న మెకానిక్, ఒక సాయిబుగారు, నా మాట విని బండిని నిలబెట్టే ఇంజను నడవనిచ్చారు. కాసేపటికి సూది పైకెక్కింది. ఇంజను ఆపి, ఫ్యాను రెక్కని వేలితో తోశారు. గిర్రున తిరిగింది.

"వేడి మీద ఇది చేతికి బరువుగా తగలాలండి. క్లచ్చు పోయింది."

ఫ్యాను మధ్యలో ఉండే ఆ క్లచ్చులో చిక్కటి ఆయిల్ ఉంటుందట. ఇంజను వేడెక్కితే ఆ ఆయిలే ఫ్యానుని పట్టి తిప్పుతుంది. అది కారిపోయి, కారిన చోట తవుడు అంటుకుని ఉంది. ఆ జిడ్డుని నేను వారం వారం గుడ్డతో తుడుస్తూనే ఉన్నాను, తవుడే కదా అని.

"కొత్తది బెజవాడ నుంచి రావాలండి. వారం పడుద్ది."

"ఎల్లుండి డయాలసిస్ ఉందండి."

ఆయన డబ్బాలోంచి బోల్టులు ఏరారు. "అయితే క్లచ్చుని బోల్టులేసి బిగించేస్తాను. ఇంజను తిరిగినంతసేపూ ఫ్యానూ తిరుగుద్ది. డీజిల్ తాగుద్ది మరి. మోత కూడా మామూలుగా ఉండదండి."

మోత ఉంటే ఉందిలెండి అన్నాను.

ఆ ఎల్లుండి గట్టు మీద సూది కదల్లేదు. చెరువులో కొంగలు మాత్రం లేచిపోయాయి. "విమానం ఎక్కించావురా" అన్నారు బావగారు, చెవులు మూసుకుని.

నీళ్ల మీద ఆ మోత చాలా దూరం వినపడేది. డయాలసిస్ అయి వచ్చాక ఆయన వేడివేడిగా నాలుగు ముద్దలు తింటేనే కడుపులో నిలిచేది. చల్లారితే వాంతి. సెల్లు ఉన్నా గట్టు మీద సిగ్నల్ అందేది కాదు. సాయంత్రం మేం గట్టు సగం దాటేసరికి మోత విని అక్క ఎసరు పెట్టేది. మేం ఇల్లు చేరేసరికి అన్నం ఉడికేది.

కొత్త క్లచ్చు వచ్చింది. తెచ్చాను. బిగించుకొస్తానంటే అక్క వద్దంది.

"డీజిల్ ఎంత దండగో లెక్క కట్టాను అక్కా."

"నీ లెక్క నువ్వే ఉంచుకో. అది వినపడేదాకా నాకు పొయ్యి దగ్గర కాలు నిలవదురా."

పెట్టె విప్పకుండానే అటక మీద పెట్టాను.

వానలు తగ్గిన రోజుల్లో ఒక ఉదయం, మిషను మీద గంట కూడా గడవకముందే బావగారి బీపీ పడిపోయింది. మనిషి మళ్లీ లేవలేదు. కాగితాలు ముగించి, అదే పరుపు మీద పడుకోబెట్టి బయలుదేరాను. అక్కకు ఫోను చేయలేదు. ఫోనులో చెప్పే మాట కాదు. ఊరి ముందు మలుపు దగ్గర బండి ఆపేసి, నడిచి వెళ్లి, అక్కని కూర్చోబెట్టి చెప్పాలని దారంతా మాటలు పేర్చుకున్నాను.

మలుపు దగ్గర ఇంజను ఆపాను. అక్క అప్పటికే అక్కడి తూము మీద నిలబడి ఉంది. పొద్దు ఇంకా నడినెత్తికి రాలేదు.

"ఇంత పెందలాడే మోత వినపడింది," అంది. "ఎసరు పెట్టలేదురా."

తర్వాత బండి వెనక్కి నడిచి, నేను తలుపు తీసేదాకా అక్కడే నిలబడింది.