కారుకి కళ్ళు పొడిచిన సాయంత్రం

జగ్గయ్యపేటలో పిండిమర నడిపే జగన్నాథరావుకి తన నీడ మీద కూడా నమ్మకం లేదు. కూరగాయలమ్మి తక్కెడ ఎత్తితే వంగి దాని కింద చూసేవాడు. భార్య పుష్పవతి పుట్టింటికి వెళ్ళొస్తానంటే, అక్కడ ఎవరికేం చెప్తావని నిలదీసేవాడు. అలాంటి మనిషి 1984లో సొంతంగా కారు తయారు చెయ్యడానికి పూనుకోవడం, అందుకు ఇంకో మనిషిని తోడు పెట్టుకోవడం ఊరందరికీ వింతే.

ఆ మనిషి నందిగామ ఇశ్రాయేలు. బందరులో ఫైబర్ పడవలు చేసేచోట పని నేర్చుకున్నవాడు. పాత ఇంజనూ చక్రాలూ జగన్నాథరావు సంపాదిస్తే, పైతొడుగంతా ఇశ్రాయేలు ఫైబర్‌గ్లాసుతో పోశాడు. ముందుభాగం అచ్చులోంచి ఊడి రాగానే, ఎవడైనా ఇలాంటి కారే చేసేస్తాడని జగన్నాథరావు ఆ అచ్చుని సమ్మెటతో పగలగొట్టాడు. ఇక ఇది పాడైతే మరొకటి రాదు. దానికి హెడ్‌లైట్ల రంధ్రాలు రెండూ కొయ్యడమే మిగిలింది. వాటిని ఇద్దరూ కళ్ళనేవారు.

రేపు కోస్తానని చెప్పి ఆ సాయంత్రం ఇశ్రాయేలు బస్టాండుకి బయల్దేరాడు. జగన్నాథరావు వెనకే వెళ్ళి అక్కడి టీకొట్టు తడిక చాటున నిలబడ్డాడు. అది ఆయన అలవాటు. లోపల ఇశ్రాయేలు కొట్టు బ్రహ్మయ్యతో అంటున్నాడు.

"రేపు పొద్దున్నే కళ్ళు పొడిచేస్తా. దాంతో దాని పని అయిపోద్ది. రావుగారికి మాత్రం చెప్పమాకు. ఆయన్ని ఎటన్నా పంపించాలి."

కారుని చెడగొట్టేస్తాడన్నమాట అనుకున్నాడు జగన్నాథరావు. ఎంత ద్రోహం! మిగతాది వినకుండా ఇంటిదారి పట్టాడు. మరో నిమిషం ఆగి ఉంటే, "పక్కన నిలబడి గుడ్లప్పగించి చూస్తుంటే నా చెయ్యి వణికిద్ది" అన్న మాట కూడా చెవిన పడేది.

కారున్న షెడ్డులోకి వెళ్ళి తలుపు వేసుకున్నాడు. వాడొచ్చి పాడుచెయ్యకముందే ఆ కళ్ళు తనే కోసేస్తే పీడా పోతుందనుకున్నాడు. గీత వెంట చిన్న చిన్న బెజ్జాలు వేసి, రంపం బ్లేడుతో వాటిని కలుపుకుంటూ రావాలి. ఆ పని ఇశ్రాయేలు చెయ్యగా ఎన్నోసార్లు చూశాడు. కానీ ఆ కోపంలో ఓపికెక్కడిది? ఉలి పెట్టి సుత్తితో కొట్టాడు. మొదటి కన్ను పెచ్చులతో సహా ఊడొచ్చింది. రెండోదాని మీద దెబ్బ పడగానే పగులు ఈ కంటినుంచి ఆ కంటికి పాకి, ముందుభాగం అడ్డంగా చీలిపోయింది.

పొద్దున్నే వచ్చిన ఇశ్రాయేలు అది చూసి కూలబడ్డాడు.

"ఎవడండీ ఇంత పని చేసింది? మిమ్మల్ని వత్సవాయి పంపించి, తిరిగొచ్చేసరికి లైట్లు వెలిగించి చూపిద్దామనుకున్నా!" ముక్కలు ఒళ్ళోకి తీసుకుని అడిగాడు. "ఎవరి మీదన్నా అనుమానముందా అండీ?"

జగన్నాథరావు సిగ్గుతో చచ్చిపోయాడు. ఎవరి పేరు చెప్పినా ఇశ్రాయేలు నమ్మేస్తాడు. అదే భరించలేకపోయాడు.

"నేనేనయ్యా," అన్నాడు.

"మీరా? ఎందుకండీ?"

జగన్నాథరావు వాడి పక్కనే కింద కూర్చుని, మిగిలిన ముక్కలు ఏరడం మొదలుపెట్టాడు.