కృపారావు బాబాయికి పడని నూనెలు

“…గొంతు ఇను. బొంగురుపోయినట్టు లేదూ? మొన్నటిదాకా కమ్మగా పాడిన ఇంజను, ఈ నూనె పోసిన కాడ్నించి గీరుకుంటన్నాది. నీకు ఇనపడ్డం లేదేటి?”

బానెట్ కింద తల దూర్చి విన్నాను. ఇంజను ఎప్పటిలాగే ఉంది. నాకు బాగానే ఉన్నట్టుంది బాబాయ్ అన్నాను.

“నీకలాగే ఉంటాది గిరీ. నీ సెవులక్కూడా నూనె మార్సాలి. తొట్టి ఎట్టు. ఇది దీనికి పడలేదు.”

కృపారావు బాబాయికి ఏ నూనే పడదు. తినే నూనె కాదు, కారులో పోసేది. ఖరగ్‌పూర్ తెలుగువాళ్లలో వంకలు పెట్టే అల్లుళ్లను చూశాను, వియ్యపురాళ్లను చూశాను. ఇంజన్ ఆయిల్‌కి వంకలు పెట్టే మనిషిని ఈయన్నొక్కణ్ణే చూశాను.

బాబాయి రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా చేసి రిటైరయ్యాడు. కారు ఎర్రది, పాతికేళ్లు దాటినది, కలకత్తాలో ఎవరో పందేలకు తోలిన బండి. కాలు ఆనిస్తే చాలు, దూకుతుంది. మా ఊళ్లో ఎక్కడికి దూకుతుంది? గోల్‌బజార్‌లో టోటోలనే బ్యాటరీ రిక్షాల వెనక తలొంచుకుని నడుస్తుంది. అందుకే నూనె మార్చినప్పుడల్లా ఇండస్ట్రియల్ పార్క్ రోడ్డు మీదికి తీసుకుపోయి, అది గొంతెత్తి అరిచేదాకా తోలుతాడు. తిరిగొచ్చి మొహం వేలాడేస్తాడు. కారు కింద తొట్టి పెట్టి నట్టు విప్పే పని నాది. పొద్దంతా వర్క్‌షాపులో వెల్డింగ్ చేసి వచ్చినవాణ్ణి, ఆ కారు కింద పడుకుని కునుకు తీసిన రోజులు కూడా ఉన్నాయి.

పాత ఇంజను కదా, చిక్కటిది పోసేస్తే పోదా అని ఒకసారి అడిగాను. అడక్కుండా ఉండాల్సింది. చిక్కటి నూనె పొద్దున్నే పైకెక్కదు, ఎక్కేలోపు పైనున్న సామానంతా ఎండి అరుగుతుంది. పోనీ పల్చటిది పోద్దామా అంటే ముసలి సీళ్లలోంచి కారిపోతుంది. చల్లగా ఉన్నప్పుడు పల్చగా ఉండాలి, వేడెక్కాక చిక్కగా నిలబడాలి. బాబాయి పాఠం పూర్తయ్యేసరికి వీధి దీపాలు వెలిగాయి.

అంతా విని ఎమిలీ పిన్ని నా చేతిలో టీగ్లాసు పెట్టింది. “పెళ్లిసూపుల్లో నన్ను ఇంతసేపు సూళ్లేదు నాయినా,” అంది. నూనె మారిన ప్రతిసారీ ఆవిడ ఈ మాట అంటుంది.

గోల్‌బజార్‌లో నూనెలమ్మే బెంగాలీ దాదా బాబాయి రావడం చూస్తే షట్టరు సగం దించుతాడు. మిగతా సగంలోంచి వంగి, “ఆబార్?” అంటాడు. మళ్లీనా అని. ఆ ఒక్క మాటలో అంత నీరసం నేను ఇంకెక్కడా వినలేదు. బాబాయి మాత్రం లోపలికి దూరిపోయి చుక్క నూనె వేళ్ల మధ్య రాస్తాడు, వాసన చూస్తాడు, కళ్లు మూస్తాడు. ఆ అలవాటు ఎక్కడా వదలదు. ఓ పెళ్లిలో నెయ్యి వడ్డిస్తే వేళ్ల మధ్య రాసి, “ఏడెక్కితే నిలబడదు,” అన్నాడు. వడ్డించే అతను గిన్నె పట్టుకుని పారిపోయాడు.

పడని నూనె తొట్టిలోకి దిగగానే నూకరాజు ఖాళీ డబ్బాతో హాజరు. ఆయనా బాబాయీ వర్క్‌షాపులో ఒకే బ్యాచి. ఆయనకో పాత వ్యాను ఉంది. డయాలిసిస్ కేసులను మేదినీపుర్ ఆసుపత్రికి తీసుకెళ్లి తెస్తాడు. లేనివాళ్ల దగ్గర కిరాయి పుచ్చుకోడు. ఎవరైనా తనకు ఊరికే ఏదైనా ఇస్తే అసలే పుచ్చుకోడు. ఆ వ్యాను పెట్రోలుతో పాటు నూనె కూడా తాగుతుంది. తాగడానికి లేకపోతే ఇంజను బిగుసుకుపోతుంది, రోగులు ఇంట్లో కూర్చోవాలి.

“నీ సెత్త మొయ్యనేక సస్తన్నాను కృపారావూ,” అంటాడు డబ్బా నింపుకుంటూ. “కాలవలో పోస్తావని భయపడి పట్టుకెల్తన్నాను గాని, నాకేటవసరం?”

బాబాయి తలొంచుకుని తిట్లు తింటాడు.

పిన్ని మీద జాలిపడి ఈ వ్యవహారం తేల్చేద్దామనుకున్నాను. కారుతో వచ్చిన పుస్తకం అడిగి తెచ్చుకుని, అర్థంకాని చోట ప్రేమ్ బజార్ మెకానిక్కుని అడిగి, దానికి తగ్గ నూనె ఏదో కనిపెట్టాను. డబ్బా కొనుక్కొచ్చి పోశాను. ఇంజను అంత మెత్తగా ఎప్పుడూ తిరగనట్టు అనిపించింది నాకు.

నూకరాజు అప్పటికే ఖాళీ డబ్బాతో గేటు దగ్గర నిలబడ్డాడు.

“ఇదే అసలైంది బాబాయ్,” అన్నాను, ఇద్దరికీ వినపడేలా. “ఇంక ఏడాదిదాకా మార్సక్కర్లేదు.”

బాబాయి మొహం మాడిపోయింది. నూకరాజు డబ్బా మూత బిగించి, పోన్లే, నాకూ మోత తప్పింది అని వెళ్లిపోయాడు.

ఆ వారంలోనే వ్యాను నీలం పొగ కక్కడం మొదలుపెట్టింది. తరవాత కదలడం మానేసింది. ఇంజను ఇంకా బిగుసుకుపోలేదట, నూకరాజే భయపడి ఆపేశాడట. రోగులు టోటోల్లో బస్టాండుకు వెళ్లడం చూశాను. బాబాయిని అడుగుదామని వెళ్తే ఆయన కారు షెడ్డులో పీట మీద కూర్చుని ఉన్నాడు, నా వైపు చూడలేదు. వెనక ఖాళీ డబ్బాలు వరసగా ఉన్నాయి. తోచక వాటిమీది అచ్చు చదివాను. అన్నీ ఒకే రకం. అరిగిపోయిన ముసలి ఇంజన్లకు పోసే చిక్కటి నూనె. ఈ కారుకు పనికిరానిది. వ్యానుకు సరిగ్గా సరిపోయేది.

“బాబాయ్, ఇయ్యన్నీ నూకరాజు మావ బండికా?”

బాబాయి ఒక ఖాళీ డబ్బా తీసి ఒళ్లో పెట్టుకున్నాడు. తరవాత అలసటగా అన్నాడు: “ఒకపాలి కొత్త డబ్బా ఇచ్చినాను. మా గుమ్మంలో ఎట్టేసి ఎల్లిపోనాడు. పండక్కి కూడా పలకరించనేదు. అదే కార్లో పోసి, నాలుగు సుట్లు తిప్పి, నల్లగా సేసి ఇచ్చినాననుకో, నన్ను తిట్టి మరీ పట్టుకెల్తాడు.”

మరి ఈ కారు పాడైపోదా అన్నాను. గుమ్మంలో నిలబడి వింటున్న పిన్ని లోపలికి వెళ్లి మంచం కింద నుంచి ఒక డబ్బా తెచ్చి నా ముందు పెట్టింది. నేను అంత కష్టపడి కనిపెట్టిన నూనే అది. ఏళ్లుగా కారు తాగుతున్నది అదేనట. చిక్కటిదాన్ని నల్లబరచడానికి పోసి, నూకరాజూ నేనూ వెళ్లగానే దీన్ని మళ్లీ పోసేస్తారట.

“అయితే నీకు మొదట్నించీ తెలుసా పిన్నీ?”

“తెలీకేటి. ఆ పెళ్లిసూపుల మాట అనడం నా డ్యూటీ. ఇసుగు మాత్రం నిజమే.”

గోల్‌బజార్ దాదాకు చెప్పాలా అని అడిగాను. ఆయనకు అసలు చెప్పొద్దన్నాడు బాబాయి. ఆయన నీరసం చూసే ఊరంతా నమ్ముతోందట.

ఆ సాయంత్రం కొత్త చిక్కటి నూనె పోసి, ఇండస్ట్రియల్ పార్క్ రోడ్డు మీద బాబాయి కారును అరిపించాడు. రాగానే నేను తొట్టి పెట్టి నట్టు విప్పాను. నల్లగా దిగింది. బాబాయి చుక్క తీసి వేళ్ల మధ్య రాసి, కళ్లు మూసుకుని, చాలు అన్నాడు.

“ఇప్పుడు నువ్వే ఎల్లాలి గిరీ. గొప్ప నూనని సాటింది నువ్వే కదా. గిరిబాబు తెచ్చిందీ పడనేదు, మల్లీ తొట్టి నిండిపోనాది, వొచ్చి పట్టుకుపొమ్మన్నానని నూకరాజుతో సెప్పు. నవ్వు మొహంతో ఎల్లకు, ఆడు కనిపెట్టేస్తాడు. నామీద కోపంగా ఉన్నట్టు ఎల్లు. దార్లో నాలుగు తిట్లు అనుకుని పో, నోటికి అలవాటైపోతాది.”