పూజలోంచి తీసిన సుత్తి

మొన్న ఆయుధపూజనాడు మా మనవడు తన లాప్‌టాప్‌కి నా చేతనే బొట్టు పెట్టించుకుని, హారతి పళ్లెం చల్లారకముందే దాన్ని చంకన పెట్టుకుని, "ఆఫీసు పనుంది లా, మామ్మా" అని ఇక్కడి మలేషియా యాసలో అంటూ మేడెక్కిపోయాడు. ఇపో ఊరి బయట గుర్రాలశాల పక్కన మేం కాపురమున్న రోజులూ, మా అత్తగారి ముఖమూ గుర్తొచ్చి ఆ పూట నాకు అన్నం సయించలేదు.

మెర్డెకా, అంటే మలయాకు స్వాతంత్ర్యం, వచ్చిన ఏడాది అది. జెండా అయితే మారింది గానీ అడవిలో కమ్యూనిస్టుల మీద సోల్జర్ల తుపాకులు ఇంకా సద్దుమణగలేదు, ఎప్పుడు చప్పుడు వినబడినా ఎవరి ప్రాణం పోయిందోనని గుండె గుభేలుమనేది. మా మావగారు ఆ శాల యజమాని ఇంగ్లీషు దొర గుర్రాలకు లాడాలు కొట్టేవారు, మా ఆయన వాటి మేత చూసేవాడు. దొర తన దేశం వెళ్లిపోతూ గుర్రాలను అమ్మకానికి పెట్టిన సమయానికే ఒక ఎర్ర ఆడగుర్రం ముందుకాలు కుంటడం మొదలుపెట్టింది. నడక కుదరకపోతే కాల్చేయడమే అన్నాడు దొర. మావగారు దాని డెక్క ముందుకు పెరిగిన మేర చెక్కి, మడమకు ఆసరా దొరికేలా వెనకవైపు అడ్డపట్టీ వేసి మూసిన లాడం కొట్టి, వారాల తరబడి మెల్లగా నడిపించారు. అడుగు తిన్నగా పడడం మొదలయ్యాక మాకు ప్రాణం లేచొచ్చింది.

తీరా దొర కొనేవాళ్లను వెంటబెట్టుకొస్తానన్న రోజే ఆయుధపూజ పడింది. పొద్దున్నే సుత్తి, పట్టకారు, ఆకురాయి కడిగి, పసుపు రాసి పీట మీద పెట్టేశాం, మర్నాడు మళ్లీ పూజ చేసేదాకా వాటిని ముట్టకూడదు. గుర్రం నుదుటికీ అత్తగారు బొట్టు పెట్టింది. మధ్యాహ్నానికి అది గోడను తన్ని లాడం వంకర చేసుకుంది, మళ్లీ కుంటు. ఊళ్లోంచి ఎవరినైనా పిలుద్దామంటే సోల్జర్ల తనిఖీలు దాటి వచ్చేసరికి దొర వచ్చి వెళ్లిపోతాడు. పూజ చెరపలేక, గుర్రాన్ని పోగొట్టుకోలేక మావగారు గుమ్మంలో కూలబడ్డారు.

ఆయుధపూజనాడు పక్కింటావిడ సూది ముట్టిందని ఏడాది పొడుగునా దెప్పిన మనిషి మా అత్తగారు. అలాంటిది ఆవిడే పీట ముందు దండం పెట్టి, పసుపు తడి ఆరని సుత్తి తీసి ఆయన చేతిలో పెట్టింది. "దానికీ బొట్టెట్టినాం గదయ్యా, అదీ మన ఆయుధవే. పూజ సేసినదాన్నే సంపుకుంతావేటి? పాపం తగిలితే నాకే తగలనీ" అంది. మావగారు ఆ సుత్తి పట్టుకుని లేచి, లాడం సరిచేసి మళ్లీ కొట్టారు.

సాయంత్రం గుర్రం దొర ఎదుట తిన్నగా నడిచింది, అమ్ముడుపోయింది, లారీ ఎక్కి వెళ్లిపోయింది. కొన్నాళ్లకే శాల ఖాళీ అయ్యి, లాడాలు కొట్టే చేతులతో మావగారు రబ్బరుతోటలో గేటు కాపలాకు కుదిరారు. దొర పోయాక శాల మూతపడక ఏమవుతుందని ఎంత చెప్పినా అత్తగారు నమ్మలేదు. అంతా తన చేతి పాపమేనని, బతికున్నన్నాళ్లూ ఆయుధపూజనాడు పచ్చి మంచినీళ్లు ముట్టలేదు. గుర్రం బతికింది కదా అని నేనంటే మాత్రం, ఆవిడ ముఖం కాసేపు తేటపడేది.

ఇప్పుడు పూజలోంచి పనిముట్టు తీయడానికి ఎవరికీ భయం లేదు, మంచిదేనేమో. ఆ సుత్తి నా దగ్గరే ఉంది. ఈ ఏడూ లాప్‌టాప్ పక్కనే పెట్టి బొట్టు పెట్టాను. మర్నాటి పూజ అయ్యేదాకా ఆ సుత్తిని ఎవరూ ముట్టలేదు. ముట్టవలసిన అవసరం ఎవరికుంది?