దారం కొరికింది ఎవరు

చనిపోయినవాడు గాలపు దారం కొరుకుతాడంటే మీరు నమ్ముతారా? నా చిన్నప్పుడు మా దబీర్‌పురా గల్లీ అంతా నమ్మింది. మా అమ్మ అందరికన్నా ఎక్కువ నమ్మింది. ఆ చనిపోయినవాడు మా అన్న.

అన్న ఈతకు వెళ్లి మీరాలం చెరువులో మునిగిపోయాడు. ఆ తరువాత, వాడు దిగిన రాళ్ల దగ్గర గాలం వేసిన వాళ్ల దారాలు తెగుతున్నాయని పుకారు పుట్టింది. అంతకుముందూ తెగేవి, కానీ అప్పుడు ఎవరూ పట్టించుకోలేదు. పిల్లాడు తోడు కోసం లాగుతున్నాడని ఒకరన్నారు. చెల్లెలినే అడుగుతున్నాడని తాయెత్తులు కట్టే ఆయన తేల్చాడు. నా చేతికి నల్లదారం కట్టి, గడప దాటనివ్వొద్దన్నాడు. నా బడి ఆగిపోయింది. పక్కింట్లో నీళ్ల చప్పుడైతే చాలు, అన్న వచ్చాడేమోనని వణికేదాన్ని. రాలేదని ఏడ్చేదాన్ని.

మా మేనమామ మలక్‌పేటలో ఆఫీసు ఉద్యోగి. చేపలు పట్టడం ఆయనకు సరదా. ఒక ఆదివారం మధ్యాహ్నం అమ్మతో పోట్లాడి మా ఇద్దరినీ ఆ రాళ్ల దగ్గరికే తీసుకెళ్లాడు.

సన్నని కర్ర, సన్నని నైలాన్ దారం. దాని చివర, గాలానికి ముందు, మూరెడు వేరే దారం ముడివేశాడు. దాన్ని లీడర్ అంటారని, చేప నోటికి తగిలేది అదేనని చెప్పాడు. మొదట కట్టింది వెంట్రుకలా ఉంది. గాలం పడ్డ కాసేపటికే గట్టిగా గుంజింది, ఆ వెంటనే దారం వదులైపోయింది.

"వాడే తమ్మీ," అంది అమ్మ, నన్ను పొదివి పట్టుకుని. "పిల్లను తీస్కొని ఇంటికి పోదాం నడువు."

"పోదాం అక్కా, ఫికర్ చెయ్యకు. ముందు గిది పట్టుకొని చూడు." తెగిన కొసను ఆమె వేళ్ల మధ్య పెట్టాడు. "గోటితోని గీకు. ఎట్లున్నది?"

"గరుకుగున్నది."

"పీచు లేచింది. కొర్రమట్ట చేప పండ్లు రాసుకుంటే గట్లనే అయితది. నీ కొడుకు పండ్లు గిట్లుండెనా? పాలకోవ తప్ప ఏం కొరికిండు వాడు?"

అమ్మ నవ్వబోయి ఆగిపోయింది.

లీడర్ మరీ మందమైతే చేప చూసి దగ్గరికి రాదట, మరీ సన్నమైతే దాని పళ్లకు ఆగదట. మామయ్య కొన్ని దారాలు నా చేతిలో పెట్టి, కళ్లు మూసుకుని గోటితో రాసి నన్నే ఎంచమన్నాడు. గరుకు లేకుండా, కొంచెం బిరుసుగా ఉన్నది ఎంచాను. ఈసారి దారం ఆగింది. బయటికొచ్చిన కొర్రమట్ట పెదవికి ఇందాక పోయిన గాలం, దానికి పీచులేచిన దారపు ముక్క వేలాడుతున్నాయి.

గెలిచామనుకున్నాను. అమ్మ మాత్రం నీళ్లవైపు చూస్తూ చాలాసేపు ఏడ్చింది. దయ్యంగానైనా అప్పటిదాకా కొడుకు అక్కడ ఉన్నాడు. ఆ పూట వాడు మళ్లీ పోయాడు. మూఢనమ్మకం మీద నిప్పులు చెరుగుతూ రాసేటప్పుడు ఆ ముఖం ఇప్పటికీ నా కలాన్ని పట్టి ఆపుతుంది.

తరువాత అమ్మ నా చెయ్యి లాక్కుని, నల్లదారాన్ని తన పళ్లతోనే కొరికి తెంపింది. "రేపు బడికి పో బిడ్డా," అంది.

ఈనాటికీ ఆ చెరువు పక్కగా వెళ్తే నా మణికట్టు చల్లబడుతుంది. చల్లబడనీ, నడక ఆపను. ఏ మాట విన్నా కొసను గోటితో గీకి చూస్తాను. మీ ఇంట్లో భయంతో గడప లోపలే ఆపేసిన పిల్ల ఉందా? లేవండి. ఆ దారం తెంపండి. పిల్లను బడికి పంపండి.