మావగారి రెండో అఫిడవిట్

మా అమ్మాయి బిలాస్‌పూర్ కోర్టులో వకీలు. నిన్న సాయంత్రం నల్లకోటు కుర్చీమీద పడేసి, "మమ్మీ, ఫిర్ సే డిఫెక్ట్ లగా దియా! కొట్టేసిన దావా తెరవమన్న దరఖాస్తు మళ్ళీ తిప్పి పంపేశారు. అఫిడవిట్ క్లయింటుకి చదివి వినిపించినట్టు కింద రాయలేదట" అని విసుక్కుంది. దానికి విసుగు, నాకు నవ్వు. కొట్టేసిన దావాని మళ్ళీ తెరిపించడం ఎంత తతంగమో ఈ ఇంట్లో నాకంటే ఎవరికి తెలుసు?

విజయనగరం వైపునుంచి ఈ రైల్వే ఊరికి నేను కోడలిగా వచ్చేసరికి ఎనభైల దశకం చివరికొచ్చింది. మావగారు కట్నీ లైను పాసింజరుకి డ్రైవరు. రిటైర్మెంటు దగ్గరపడింది, అది కాగానే క్వార్టరు ఖాళీ చెయ్యాలి. ఉన్న ఆశల్లా ఊరిచివర కొనుక్కున్న చిన్న జాగా. పక్కవాడు దాని మధ్యనుంచి గోడ లేపి సగం నాదేనన్నాడు. మావగారు దావా వేశారు. ఒక వాయిదాకి పేరు పిలిస్తే ఈయన లేరు, వకీలుగారేమో వేరే కోర్టులో ఉన్నారు. జడ్జిగారు దావా కొట్టేశారు. ముప్పై రోజుల్లోగా సరైన కారణం చూపిస్తే మళ్ళీ తెరుస్తారట. లేకపోతే జాగా పోయినట్టే.

ఆవేళ జరిగింది ఇంతే. మావగారు రాత్రి డ్యూటీ దిగి వచ్చి, కోర్టు వేళకి లేపమని చెప్పి పడుకున్నారు. అత్తగారు లేపలేదు. అలసిపోయిన ఆ మొహం చూసి, ఇంకాసేపు, ఇంకాసేపు అనుకుంటూ మంచం పక్కనే కూర్చుండిపోయారు. నేను చూస్తూనే ఉన్నాను. ఆయన కళ్ళు తెరిచేసరికి మధ్యాహ్నమైపోయింది. అప్పట్నుంచి ఆవిడకి అన్నం సయించలేదు. "నా సేతుల్తో నానే ఇల్లు పోగొట్టేసేనమ్మా" అని నా దగ్గర ఏడ్చేవారు. ఆయన దగ్గర ఆ మాట ఎత్తేవారు కాదు, ఆయనా అడగలేదు.

దరఖాస్తు మొదటిసారి అఫిడవిట్ లేదని తిరిగొచ్చింది. వకీలుగారు హిందీలో ఒకటి తయారుచేస్తే, మావగారు జీతం తీసుకునేటప్పుడు పెట్టినంత ధీమాగా గుండ్రటి తెలుగులో సంతకం పెట్టిచ్చారు. అదీ తిరిగొచ్చింది. కాగితం ఒక భాషలో, సంతకం ఇంకో భాషలో ఉంటే, ఆ మనిషికి తన భాషలో చదివి వినిపించామని ఎవరైనా కింద రాసివ్వాలట. ఆ నియమం నాకు భలే వింతగా తోచింది. మావగారు హిందీలో పోట్లాడగలరు, ఛత్తీస్‌గఢీలో కూరగాయలు బేరమాడగలరు, హిందీ చదవడం మాత్రం రాదు. హిందీ పరీక్షలు పాసైన కోడల్ని కాబట్టి ఆ పని నామీద పడింది.

వంటింటి గుమ్మం దగ్గర కూర్చుని ఒక్కో వాక్యం తెలుగులో చెప్పసాగాను. ఆరోజు తన బండి కర్గీ రోడ్ స్టేషన్లో నిలిచిపోయి ఆలస్యమైందని ఉంది.

"ఆగమ్మా. ఏటది? నా బండి నిలిచిపోయిందా? ఎవుడు సెప్పేడు? రైట్ టైముకి తెచ్చేను!"

అంటే, ఏముందో తెలియకుండానే ప్రమాణం చేసేశారన్నమాట. వకీలుగారి దగ్గరికి పరిగెత్తాం. నిద్రపోయానంటే ఏ జడ్జీ కనికరించడు, బండి లేటంటే ఎవరైనా నమ్ముతారు అని ఆయన గోల. మన దేశంలో దానికి సాక్ష్యం కూడా అక్కర్లేదు మరి! మావగారు కదల్లేదు. "మకాన్ జాయే తో జాయే వకీల్ సాబ్, గాడీ లేట్ నహీ థీ." ఇల్లు పోతుంటే బండి పరువేమిటని నాకు ఒళ్ళు మండింది.

రెండో అఫిడవిట్ మావగారు చెప్పినట్టే టైపయింది. ఇంటికి తెచ్చి మళ్ళీ చదివాను. లోపల అత్తగారు బియ్యం చెరుగుతున్నారు. "నా బండి వేళకే వచ్చింది. ఇంటికెళ్ళి పడుకున్నాను. నా భార్య నన్ను రెండుసార్లు లేపింది. నేనే లేవలేదు. తప్పు నాది."

లేపిందన్న వాక్యం ఇంకోసారి చూసుకున్నాను. లోపల చేట చప్పుడు ఆగింది.

"నానెప్పుడు లేపేనండీ?" అన్నారు అత్తగారు గుమ్మంలోకి వచ్చి.

"లేపేవు. నానే లెగలేదు. నీకు గురుతు లేదేటి?" అని, నా వైపు తిరిగి, "అర్థమయింది, రాసీయమ్మా" అన్నారు మావగారు.

చదివి వినిపించానని రాసి సంతకం పెట్టాను. అత్తగారు ఆ పూట కడుపునిండా అన్నం తిన్నారు. జడ్జిగారు ఆ కాగితం చదివి, తప్పు ఒప్పుకున్న మనిషని నమ్మారట. దావా మళ్ళీ తెరిచారు. కొన్నేళ్ళకి గోడ పడింది, ఇల్లు లేచింది. అత్తమామలిద్దరూ అందులోనే కాలం చేశారు.

చివరి రోజుల్లో అత్తగారు వచ్చినవాళ్ళందరికీ చెప్పేవారు, "ఆవేళ రెండుసార్లు లేపేనమ్మా, ఆయనే లెగలేదు" అని. నేను సరేననేదాన్ని. ఆ ఉదయం నిజంగా ఎలా గడిచిందో తెలిసిన మనిషిని ఇప్పుడు నేనొక్కదాన్నే. ఇంకొన్నాళ్ళు పోతే, ఆవిడ నిజంగానే లేపినట్టవుతుంది.